సిస్టర్ ఆయుధాలడిగిన ఉదయం

ల్యాబ్ టెక్నీషియన్‌గా రిటైరైన వాణ్ణి ఏదైనా రాయమంటే అరుదైన కేసు గురించి రాయమంటారు. నా దగ్గరా అలాంటివి ఉన్నాయి. ఒకే స్లైడులో రెండు రకాల మలేరియా కనిపించిన రోజు ఉంది. పాము కరిచిన మనిషి రక్తం గాజు గొట్టంలో గడ్డకట్టకుండా నీళ్ళలా ఉండిపోయిన మధ్యాహ్నం ఉంది. అవన్నీ మీ పాఠ్యపుస్తకాల్లో నాకంటే బాగా రాశారు. ఇప్పుడు కొత్తగా ల్యాబుల్లో చేరుతున్న మీకు నేను చెప్పదలచుకున్నది ఒక ఉదయం ప్రార్థనలో జరిగిన సంగతి. అందులో నేను చేసిన పనేమీ లేదు. చేయకపోవడమే ఉంది.

మా ఆసుపత్రి భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వెళ్ళే దారిలో ఉంటుంది. క్యాథలిక్ సిస్టర్లు నడుపుతారు. పేరు రాయను. ఎవరి పేరూ రాయను. నేను కారేపల్లి దగ్గర ఒక ప్రొటెస్టెంట్ కుటుంబంలో పుట్టినవాణ్ణి. సిబ్బందిలో సగం మంది హిందువులు. అడవి గూడేల నుంచి వచ్చి ఆయాలుగా, వార్డుబాయిలుగా పనిచేసేవాళ్ళకు వాళ్ళ దేవతలు వాళ్ళకున్నారు. అయినా పొద్దున్నే ఓపీ తెరిచే ముందు వరండాలో జరిగే ప్రార్థనకు అందరం నిలబడేవాళ్ళం. రోజుకొకరి వంతు. వంతు వచ్చినవాళ్ళు ముందుకొచ్చి తమకు తోచింది అడుగుతారు. జ్వరాలు తగ్గాలని, వాన ఆగాలని, ఫలానా ఆమెకు కాన్పు సుఖంగా కావాలని. ఒక్కో మనవి అయ్యాక మిగతావాళ్ళంతా కలిసి "ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము" అనాలి.

చెప్పడానికి తేలికే గానీ మొదట్లో అది కుదిరేది కాదు. మనవి ఎక్కడ ముగిసిందో తెలియక ఒకరు ముందు, ఒకరు వెనక అందుకునేవాళ్ళు. కొందరు అసలు అనేవాళ్ళే కాదు. నేను చేరిన కొన్నాళ్ళకు అప్పటి మదర్ సుపీరియర్ నన్ను పిలిచి, "మీ గొంతు పెద్దది. మీరు మొదలుపెట్టండి, వాళ్ళు అందుకుంటారు" అన్నారు. అప్పటినుంచి ఆ పని నాదైంది. నేను "ప్రభువా" అనగానే వెనక నలభై గొంతులు కలిసేవి. మా ఫార్మసీ ఆయన దాన్ని చూసి, "సారు స్విచ్చు, మనం లైట్లం" అనేవాడు. నేను సెలవు పెడితే ఆ రోజు ప్రార్థన చిందరవందర అయ్యేదని మర్నాడు చెప్పేవాళ్ళు. అది విన్నప్పుడు నాకు లోపల సంతోషంగా ఉండేది. ఉద్యోగంలో ఎవరూ ఇవ్వని ప్రమోషన్ లాంటిదది.

ఇక సిస్టర్ సంగతి. ఆమెది దేశానికి ఈశాన్య మూల కొండల్లో, సరిహద్దు అంచున ఉన్న ఊరు. తండ్రి వైపు వాళ్ళు ఇటు, తల్లి వైపు వాళ్ళు అటు. వాళ్ళ అక్కను అటు వైపే ఇచ్చారు. నర్సింగ్ చదివి మఠంలో చేరి, వాళ్ళ పెద్దలు పంపితే మా దగ్గరికి వచ్చింది. వచ్చినప్పుడు తెలుగు ఒక్క ముక్క రాదు. ఆడవాళ్ళ వార్డులో వేశారు. కాన్పుకొచ్చిన వాళ్ళ దగ్గర, వాళ్ళ అత్తల దగ్గర నేర్చుకుంది. అందుకని ఆమె తెలుగు అచ్చం ఆ వార్డు తెలుగే. ఒకరోజు భోజనాల దగ్గర ఫాదర్ గారిని పట్టుకుని, "ఏంది ఫాదరూ, తింట లేవు? ఎవలి మీద అలిగినవ్?" అని అడిగింది. కోస్తా జిల్లా నుంచి మా ఆసుపత్రికి అడ్మినిస్ట్రేటర్‌గా వచ్చిన ఫాదర్ గారు చెంచా కింద పెట్టేశారు. "సిస్టరూ, మీకు తెలుగు నేర్పినావిడ్ని ఓసారి చూపించండమ్మా" అన్నారు.

వార్డులో జ్వరం పేషెంటు ఉంటే రక్తం స్లైడు ఆమే స్వయంగా ల్యాబుకు తెచ్చేది.

"అన్నా, జర జల్దీ చూడు. పోరి కాలిపోతున్నది."

"ఆరనియ్యి సిస్టర్. ఆరక ముందే రంగేస్తే అంతా కొట్టుకపోతది."

"నువ్వు ఆరవెట్టేదాంక మలేరియా ఆగుతదా? దానికి చెప్పు మరి."

అలా అంటూనే పక్కన స్టూలు మీద కూర్చునేది. స్లైడు ఆరేలోపు మాట్లాడుకునేవాళ్ళం. అక్క కొడుకు గురించే ఎక్కువ చెప్పేది. వాడు పుట్టినప్పుడు తను ఇంకా మఠంలో చేరలేదు. అక్కకు జబ్బు చేస్తే వాణ్ణి వీపున కట్టుకుని తిరిగిందట. వాడిప్పుడు వాళ్ళ ఊరి బడిలో లెక్కలు చెబుతున్నాడు. ఫోనులో ఫొటో చూపించేది. చెవులు పెద్దవి, నవ్వు పెద్దది.

తర్వాత సరిహద్దు అవతలి దేశంలో సైన్యం అధికారం లాక్కుంది. కుర్రాళ్ళు ముందు వీధుల్లోకి, ఆ తర్వాత అడవుల్లోకి వెళ్ళారు. పత్రికల్లో చదివే ఉంటారు. ఆమె అక్క కొడుకు కూడా బడి వదిలి వేట తుపాకీ పట్టుకుని వెళ్ళాడు. స్లైడు ఆరేలోపు మా మాటలు అప్పటినుంచి మారిపోయాయి.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పాలి. నా తమ్ముడు జీపు నడిపేవాడు. దుమ్ముగూడెం అవతల రాష్ట్ర సరిహద్దు వైపు వారం సంతలకు జనాన్ని చేరవేసేవాడు. ఒక సంత రోజు, పోలీసుల కోసం దారిలో పాతిపెట్టిన మందుపాతర వాడి జీపు కింద పేలింది. లోపలివాళ్ళు, అంటే అడవిలోని నక్సలైట్లు, పొరపాటు జరిగిందని, చింతిస్తున్నామని కాగితం వేశారు. ఆ తర్వాత అటువైపు ఊళ్ళవాళ్ళకు సర్కారు తుపాకులిచ్చి లోపలివాళ్ళ మీదికి పంపింది. వాళ్ళు కాల్చిన గూడేల్లో నా తమ్ముడి శవాన్ని మోసుకొచ్చిన మనుషుల గూడెం కూడా ఉంది. ఆ జనం ఆ సరిహద్దు దాటి మా వైపు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళ పిల్లల రక్తం నా బల్ల మీదికి వచ్చేది. ఆ పేలుడు మందు ఎక్కడి నుంచి వచ్చిందని విచారణకు వచ్చిన అధికారిని అడిగాను. "బయటినుంచి వచ్చిన సరుకండీ. ఎన్ని చేతులు మారిందో ఎవడికి తెలుసు?" అన్నాడు. మొదట ఇచ్చిన చెయ్యి ఎవరిదో గానీ, అతనికి నా తమ్ముడు ఉన్నాడన్న సంగతి కూడా తెలియదు.

అప్పటినుంచి నేను చదవడం మొదలుపెట్టాను. ఖమ్మం లైబ్రరీలో దొరికినవి, హైదరాబాద్ ఫుట్‌పాత్ మీద కొన్నవి. అంతర్యుద్ధాలు, వాటిలో బయటి దేశాలు పోసిన ఆయుధాలు, ఆ ఆయుధాలు తర్వాత ఎటు పోయాయన్నది. ఏడుపు బదులు చదువుకున్నాను అనుకోండి. చదివిన కొద్దీ ఒక అభిప్రాయం గట్టిపడింది. దాన్ని ఇప్పటికీ మార్చుకోలేదు. ఒక దేశంలో మనుషులు ఒకరినొకరు చంపుకుంటుంటే బయటి దేశం ఏ పక్షానికి తుపాకులిచ్చినా, తిరగబడ్డవాళ్ళకు ఇచ్చినా సరే, ఆ యుద్ధం పొడుగవుతుంది. ఇచ్చేవాడు తన అవసరం కోసం ఇస్తాడు, తన అవసరం తీరిన రోజు ఆపుతాడు. ఇచ్చినవి మాత్రం అక్కడే ఉండిపోతాయి.

సిస్టర్ ఒకరోజు మధ్యాహ్నం భోజనాల గదిలోకి ఒక కాగితాల బొత్తి తెచ్చింది. విదేశాల్లో ఉన్న వాళ్ళ మనుషులు రాసిన విజ్ఞాపన అది. సైన్యంతో పోరాడుతున్న దళాలకు ఆయుధాలు, విమానాలు కూల్చే సామగ్రి ఇవ్వాలని పెద్ద దేశాల ప్రభుత్వాలను కోరుతున్నారు. లోకంలో ఉన్న ఆసుపత్రులు, బడులు, సంఘాలు సంతకాలు చేయాలట. భద్రాచలం వెళ్ళి జిరాక్సు తీయించుకొచ్చింది. అందరి ముందూ ఒక్కొక్కటి పెట్టింది.

ఫార్మసీ ఆయన చదివి నవ్వాడు. "సిస్టరమ్మా, మనకు జ్వరం గోలీలకే స్టాకు లేదు. రాకెట్లకు ఇండెంటు ఏడ పెట్టాలె?"

"నీకు నవ్వులాటగున్నది," అంది సిస్టర్.

"నవ్వక ఏం జెయ్యాలె? సంతకం పెడితె రేపు పోలీసోళ్ళు వచ్చి, ఏ రాకెట్ల ఫార్మసీరా నీది అంటరు."

ఫాదర్ గారు కాగితాన్ని చివర్లు పట్టుకుని చూశారు. "అమ్మా సిస్టరూ, మీ బాధ నాకు తెలుసండీ. కానీ మన లైసెన్సు రెన్యువల్లో ఉందమ్మా. ఇలాంటి దానిమీద ఆసుపత్రి పేరు కనిపిస్తే విదేశీ విరాళం ఒక్కటి రానివ్వరు. మీరు వ్యక్తిగతంగా ప్రార్థన చేసుకోండి."

ఆమె నా వైపు తిరిగింది. నా మీద ఆమెకు నమ్మకం ఉంది. అది ఆమె ముఖంలో కనిపించింది. నేను పెన్ను తీయలేదు.

"నేను పెట్టను సిస్టర్," అన్నాను. "లైసెన్సు గురించి కాదు. ఇది తప్పు అనుకుంటున్న."

"ఏంది తప్పు?"

"ఇచ్చేటోడు ఊకనే ఇయ్యడు. ఇయ్యాల మీకిస్తడు. దాన్ని చూసి ఇంకో దేశం మీ సైన్యానికి రెండింతలిస్తది. మీలోనే పది గుంపులున్నయని మీరే చెప్పిండ్రు. ఏ గుంపుకు ఎన్ని అనేకాడ కొట్లాట మొదలైతది."

తర్వాత నేను దేశాల పేర్లు చెప్పడం మొదలుపెట్టాను. ఆఫ్రికాలో ఒకటి, లాటిన్ అమెరికాలో ఒకటి, ఎడారి దేశాలు రెండు. ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎన్నేళ్ళు సాగింది, చివరికి ఏమైంది. చాలా బాగా చెప్పాను. వంట గదిలోంచి వంటామె కూడా గరిటె పట్టుకుని వచ్చి నిలబడి విన్నది. నా తమ్ముడి పేరు మాత్రం ఎత్తలేదు. అది చెప్పి ఉంటే నేనెక్కడి నుంచి మాట్లాడుతున్నానో ఆమెకు అర్థమయ్యేది. వాడి సంగతి ఆమెకు తెలుసు కూడా. అయినా పుస్తకాల్లోంచే మాట్లాడాను.

ఆమె ఓపిగ్గా విన్నది. అయ్యాక అంది, "విమానం నెత్తి మీదికి వచ్చినప్పుడు మా పోరగాండ్లు ఏం జెయ్యాలె అన్నా? ఈ బుక్కులు తీసి సదవాల్నా?"

ఫార్మసీ ఆయన మళ్ళీ నవ్వాడు. వంటామె నవ్వు ఆపుకుంది. అన్నేళ్ళలో ఆ గదిలో నా మీద ఎవరూ అలా నవ్వలేదు. నేను చెయ్యి కడుక్కుని లేచిపోయాను. సిస్టర్ కాగితాలు ఏరుకుని తీసుకెళ్ళింది. ఒక్క సంతకం పడలేదు.

ఇంతవరకు జరిగినదానికి నేను సిగ్గుపడటం లేదు. కాగితం మీద సంతకం అడిగితే పెట్టాలో వద్దో ఎవరికి వాళ్ళు తేల్చుకోవాలి. నేను తేల్చుకున్నాను, కారణం చెప్పాను. ఆ కాగితం ఈ రోజు మళ్ళీ వచ్చినా సంతకం పెట్టను.

వానలు మొదలయ్యాయి. స్లైడులు పెరిగాయి. సిస్టర్ తెచ్చేది గానీ కూర్చోవడం మానేసింది. కిటికీ దగ్గర పెట్టి, "ఇదొకటి చూడండి" అని వెళ్ళిపోయేది. నన్ను మీరు అనడం అప్పుడే మొదలుపెట్టింది. ఆమె నోట ఆ మర్యాద నాకు కష్టంగా ఉండేది. అయినా తనంతట తనే వస్తుందిలే అనుకున్నాను. ఒకసారి నవ్వులపాలైన మనిషి అలాగే అనుకుంటాడు.

ఈలోగా వాళ్ళ అక్క ఊరి మీద విమానాలు బాంబులు వేశాయి. అక్క కుటుంబం అడవిలోకి పారిపోయింది. బడి పోయింది. రెండు రోజులు ఎవరున్నారో ఎవరు లేరో కబురు లేదు. సిస్టర్ డ్యూటీ మానలేదు. ఫోను మాత్రం చేతిలోనే పట్టుకుని, ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు జేబులో వేసుకుని, అయిపోగానే మళ్ళీ తీసేది. ఫాదర్ గారు సెలవు తీసుకోమంటే, "సెలవు వెట్టి ఏడికి పోవాలె?" అన్నదట.

ఆ మర్నాడు ప్రార్థనలో వంతు ఆమెది.

ఆమె ముందుకొచ్చి నిలబడింది. మామూలుగా మొదట రోగుల కోసం అడుగుతారు. అడిగింది. నేను మొదలుపెట్టాను, అందరూ అందుకున్నారు. వాగు పొంగి రాలేకపోతున్న గర్భిణుల కోసం అడిగింది. మళ్ళీ అన్నాం. తర్వాత, గొంతు పెంచకుండా, వార్డులో మాట్లాడే తెలుగులోనే అడిగింది.

"ప్రభువా, మా పోరగాండ్ల చేతుల ఏం లేదు. వేట తుపాకులున్నయ్. ఇచ్చేటి దేశాలు ఉన్నయ్, వాళ్ళ మనసు కదిలియ్యి. మా పోరగాండ్లకు తుపాకులు పంపియ్యి. ఆలస్యం చెయ్యకు."

మనవి ముగిసింది. నా వంతు వచ్చింది.

నేను నోరు తెరవలేదు.

ఆ క్షణంలో నా లోపల జరిగింది దాచకుండా రాస్తాను. నేను ఆలోచించలేదు. ఆలోచించి ఊరుకుని ఉంటే కొంత గౌరవంగా ఉండేది. జీవితమంతా స్లైడు చూసి ఉంది అనో లేదు అనో రాసిన మనిషిని. ఎవరేం ముందు పెట్టినా అది సరైనదా కాదా అని చెప్పాలన్న అలవాటు. తుపాకులు అని వినగానే కాదు అని తేలిపోయింది. దానితోపాటు, ఇప్పుడు చెప్పుకోవడానికి బాగుండదు గానీ, భోజనాల గదిలో వినపడిన నవ్వు కూడా గుర్తొచ్చింది. ఈ రెండిట్లో ఏది ఎక్కువో నేను ఇప్పటికీ విడదీయలేను.

నలభై మంది నా కోసం ఆగారు. నా వెనకే ఉన్నారు కాబట్టి వాళ్ళ ముఖాలు నాకు కనిపించలేదు. ఆమె ముఖం కనిపించింది. మొదట నేను వినలేదనుకుంది. తల కొంచెం ఎత్తి నా వైపు చూసింది. మనవి ముగిసిందని సైగ చేస్తున్నట్టు. నేను నేల చూశాను. ఎవరో దగ్గారు. నేను మొదలుపెట్టనిదే మొదలుపెట్టే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. ఆ అలవాటు నేనే చేశాను.

కాసేపటికి ఆమే అంది. ఒక్కతే.

"ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము."

అని, వెళ్ళి తన చోట నిలబడింది. ఫాదర్ గారు గబగబా దీవెన చదివేశారు. ఓపీ తెరిచారు. వానలో తడిసి వచ్చినవాళ్ళు గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

పదకొండింటికి టీ తాగే సమయంలో ఫాదర్ గారు స్వయంగా ల్యాబులోకి వచ్చారు. ఎప్పుడూ రారు. నా భుజం మీద చెయ్యి వేసి, "మంచి పని చేశారండీ. అందరూ అని ఉంటే రేపు ఎవడో ఒకడు పైకి రాసిపడేసేవాడు. మన లైసెన్సు కాపాడారు" అన్నారు. నేను లైసెన్సు కోసం చేయలేదని చెప్పలేదు. ఎందుకు చేశానో చెప్పాలంటే ముందు నాకు తెలియాలి. "పర్వాలేదు ఫాదర్" అన్నాను.

ఆ తర్వాత వంటామె వచ్చింది. గడప దగ్గర నిలబడి, "గొంతు పోయిందా సారూ? పొద్దుగాల మాట రాలే నీకు" అంది.

ఆమె నిజంగానే అలా అనుకుందో, నేను బయటపడటానికి దారి చూపించిందో తెలియదు. నేను ఆ దారిన వెళ్ళిపోయాను.

"అవ్. రాత్రి నుంచి పట్టింది," అన్నాను.

మధ్యాహ్నం మిరియాలు, శొంఠి వేసి కషాయం కాచి తెచ్చింది. సాయంత్రం ఇంకోసారి తెచ్చింది. మంచి గొంతు అడుగంటిపోవద్దని కూడా అంది. రెండుసార్లూ గ్లాసు ఖాళీ చేశాను. సిస్టర్ ఆ పక్కనుంచే వార్డుకు వెళుతూ చూసింది. ఆమెకు నా గొంతు సంగతి తెలుసు.

మర్నాటి నుంచి మళ్ళీ మామూలుగానే మొదలుపెట్టాను. అందరూ మామూలుగానే అందుకున్నారు. సిస్టర్ పెదవులు కదిలేవి, గొంతు వినిపించేది కాదు. క్షమించమని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. కానీ క్షమించమంటే నా అభిప్రాయం తప్పని ఒప్పుకున్నట్టవుతుందని వెనక్కి తగ్గేవాణ్ణి. ఆ రెండూ వేర్వేరు సంగతులని అప్పుడు తట్టలేదు. ఇంత చదివిన వాడికి ఆ మాత్రం తట్టకపోవడం వింతే.

చలికాలం వచ్చింది. వాళ్ళ అక్కవాళ్ళు బతికే ఉన్నారని, సరిహద్దు దాటి ఇటువైపు శిబిరంలో చేరారని కబురు వచ్చింది. అక్క కొడుకు మాత్రం దళంలోనే ఉన్నాడు. ఒకరోజు మధ్యాహ్నం నేను స్లైడు మీద కన్ను పెట్టి ఉండగా ఆమె లోపలికి వచ్చింది. ఆమె చేతిలో స్లైడు లేదు. ఎన్నో నెలల తర్వాత స్టూలు మీద కూర్చుంది.

"తుపాకులు వచ్చినయ్ అన్నా," అంది.

కన్ను తీసి చూశాను.

"ఎవరు పంపిండ్రో తెల్వదు. పెట్టెలు వచ్చినయట. మావోళ్ళకు సగం, పక్క కొండ దళానికి సగం అన్నరట. పంచుకునేకాడ లొల్లి అయింది. మా పోరడు నడుమ పోయి ఆపబోయిండు. కొత్త తుపాకీతోనే కాల్చి సంపిండ్రు. వాడి చేతికి ఇంకా ఒకటి రానే లేదు."

ఇంతకు ముందు రాసినదంతా నేను ఎలాగో ఒకలా సమర్థించుకోగలను. తర్వాత జరిగినదాన్ని సమర్థించుకోలేను. ఆమె ఆ మాట అన్నప్పుడు నాకు దుఃఖం కలిగింది. కానీ అది రెండోది. దానికంటే ముందు, ఒక్క ఊపిరి తీసే సేపు, నేను చెప్పినట్టే అయిందన్న తృప్తి కలిగింది. నోటితో ఏమీ అనలేదు. ముఖంలో కనిపించి ఉంటుంది. ఎందుకంటే ఆమె నన్ను చూసి, చూపు తిప్పుకుని, కిటికీ వైపు చూసింది. నా తమ్ముడు పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్ళలో ఒకాయన, "ఆ రూటులో తిప్పొద్దని నేను ముందే చెప్పిన" అన్నాడు. ఆయనతో నేను ఆ తర్వాత మాట్లాడలేదు. ఆయన కనీసం పైకి అన్నాడు.

"సిస్టర్," అన్నాను.

"స్లైడు చూసుకో అన్నా. ఎవలిదో పాపం, జ్వరంతోని ఉంటరు," అని లేచి వెళ్ళింది.

కొన్నాళ్ళకు ఆమె బదిలీ అడిగింది. సరిహద్దు శిబిరాల్లో వాళ్ళ మఠం నడిపే దవాఖానాకు. వెంటనే ఇచ్చారు. బయలుదేరే రోజు ఆసుపత్రి జీపులో కొత్తగూడెం స్టేషన్‌కు దింపడానికి డ్రైవరుతోపాటు నేను వెళ్ళాను. ఎవరూ వెళ్ళమనలేదు. సారపాకలో కాగితపు మిల్లుకు కర్ర తెచ్చే లారీలు అడ్డంగా నిలబడితే డ్రైవరు వాళ్ళను తిట్టాడు. ఆమె ఆ తిట్లలో కొత్తదొకటి విని, "గిది నాకెవలూ నేర్పలే" అంది. డ్రైవరు సిగ్గుపడి నవ్వాడు.

స్టేషన్‌లో రైలుకు ఇంకా టైముంది. ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద ఆమె పెట్టె పెట్టాను. ఇక అడగకపోతే ఎప్పటికీ అడగలేననిపించింది.

"సిస్టర్, నా మీద కోపం ఉంటది మీకు. ఆ కాగితం..."

"కాగితం గురించి కోపం లేదు," అంది. "నువ్వు చెప్పిన దేశాలన్నీ తర్వాత నేను సదివిన. నువ్వు అబద్ధం చెప్పలే. కాగితం మనుషులకు రాసింది. మనుషులు అవ్ అంటరు, కాదంటరు. నువ్వు కాదన్నవ్. మంచిదే."

"మరి?"

ఆమె పెట్టె పక్కన బెంచీ మీద కూర్చుంది.

"ఆ పొద్దు నేను నిన్ను అడగలే అన్నా. రెండు దినాలు నిద్ర లేదు. పోరడు బతికుండో లేదో తెల్వదు. ఏం అడగాల్నో తెల్వక నోటికొచ్చింది అడిగిన. తప్పు అడిగితె ఆయన ఇయ్యడు. అది ఆయన చూసుకునే పని." నా వైపు తిరిగింది. ముఖంలో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలని ఉంది. "ఆ పని నువ్వెందుకు చూసుకున్నవ్?"

ఈసారి పుస్తకాల జోలికి పోలేదు. నేను ఆమె ముందు నిలబడి ఉన్నాను.

"తప్పు చేసిన సిస్టర్," అన్నాను. "తుపాకులు వద్దన్నది తప్పు కాదు. నిన్ను ఒక్కదాన్నే అననిచ్చిన. అది తప్పు."

ఆమె తల ఊపింది. ఒప్పుకుందో, విన్నానని చెప్పిందో తెలియదు.

"ఇప్పుడు ఏం అడుగుతున్నవ్?" అన్నాను.

"ఇప్పుడు ఏం అడుగుత లేను. పొద్దుగాల పోయి ఆయన ముందట కూసుంటున్న, అంతే."

డ్రైవరు వచ్చి, "పోదామా సారూ? జల్దీ పోతె చీకటి పడకముందే గోదారి బ్రిడ్జి దాటుతం" అన్నాడు. నువ్వు పో, నేను బస్సుకు వస్తానన్నాను. మైకులో రైలు లేటని చెప్పారు. ఎంత లేటో చెప్పలేదు. ఆమె పెట్టెను కొంచెం పక్కకు జరిపింది. నేను ఆ ఖాళీలో కూర్చున్నాను.